వేగం అందుకోగానే అడుగు మాయం: ఒక ట్రాలర్ ఎకో సౌండర్ కేసు

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ 61 రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు పలకలు మారుస్తారు, ఫైబర్ కోటింగులు వేస్తారు, ఇంజిన్లు విప్పుతారు. ఎకో సౌండర్లు (నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో సముద్రపు అడుగును స్క్రీన్ మీద చూపే పరికరాలు), జీపీఎస్‌లు చూసే నాలాంటివాళ్లకు మాత్రం అసలు పని జూన్ 15 తర్వాతే. ఒడ్డున అన్నీ బాగున్న బోటు నీళ్లలోకి దిగి రెండు రోజులు తిరిగాక ఫోన్ వస్తుంది.

ఈ కేసు కూడా అలాగే వచ్చింది. దీన్ని వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో పరికరానికి ఏ లోపమూ లేదు. అయినా ఓనరు కొత్త డిస్‌ప్లే కొన్నాడు, తర్వాత కొత్త ట్రాన్స్‌డ్యూసర్ (బోటు అడుగున ఉండి శబ్దాన్ని పంపి, తిరిగి అందుకునే భాగం) కొన్నాడు. ఆ రెండు ఖర్చులూ వృథా. నీళ్లలో గాలి బుడగలు శబ్దాన్ని ఏం చేస్తాయో మన మెకానిక్‌లకు ఎవరైనా ముందే విడమరిచి చెప్పి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

బోటు చెక్కది, రోజుల తరబడి సముద్రంలో ఉండి వేటాడే ట్రాలర్. సౌండర్ 50, 200 కిలోహెర్ట్జ్ రెండింటి మీదా పనిచేసే మామూలు కలర్ సెట్. డ్రైవర్ ముప్పై ఏళ్లుగా సముద్రం మీద ఉన్న మనిషి. జెట్టీ మీద నన్ను చూడగానే ఆయన చెప్పిన మాట ఇది.

"బాబూ, బోటు ఆపితే అడుగు అద్దంలా కనపడతంది. స్పీడు పెంచితే ఏటీ ఉండదు. పైన ఎర్రగా మందంగా ఒక పట్టీ, దాని కింద అంతా ఖాళీ."

ఆ రెండు మూడు వాక్యాల్లోనే సగం రోగనిర్ధారణ ఉంది. ఆ రోజు నేను దాన్ని పట్టుకోలేదు.

మొదటి రోజు నేను చేసిన పొరపాటు

వేగం పెంచితే పోతోందంటే ఇంజిను ఆర్పీఎం పెరిగినప్పుడు పోతోందని అర్థం చేసుకున్నాను. ఆల్టర్నేటర్ నుంచి కరెంటు రొద వస్తోందేమో అనుకుని ఎర్త్ వైర్లు సరిచేశాను, పవర్ కేబుల్‌ను సౌండర్ కేబుల్‌కు దూరంగా జరిపాను. గెయిన్ (తిరిగి వచ్చిన శబ్దాన్ని పెంచి చూపే సెట్టింగు) పెంచాను. బోటు జెట్టీ నుంచి కదలనే లేదు కాబట్టి అంతా చక్కగా కనిపించింది. సరే అని దిగిపోయాను. రెండో రోజు మళ్లీ ఫోన్. గెయిన్ పెంచినందువల్ల పైనున్న ఎర్ర పట్టీ ఇంకా మందమైంది, అడుగు మాత్రం రాలేదు.

గెయిన్, పవర్ గురించి ఇక్కడే ఒక లెక్క చెప్పాలి. సౌండర్ నుంచి వెళ్లే శబ్దం బోటు కింద ఉన్న బుడగల పొరను రెండుసార్లు దాటాలి, వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి. ఆ పొర ఒక్కో దాటుకు 20 డెసిబెల్స్ తినేస్తే, అంటే నూటిలో ఒక వంతు మాత్రమే దాటనిస్తే, రానూ పోనూ మిగిలేది పదివేలలో ఒక వంతు. పవర్ రెట్టింపు చేస్తే మనకు దక్కేది 3 డెసిబెల్స్. పోయిన 40కి ఈ 3 ఏ మూలకు? పైగా పవర్ పెంచితే అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వనితో పాటు బుడగల నుంచి వెనక్కి తన్నే శబ్దమూ అంతే పెరుగుతుంది. గెయిన్ పెంచినా అంతే, రెండూ కలిసి పెరుగుతాయి. ఎర్ర పట్టీ మందమైంది అందుకే.

మూడు పరీక్షలు

రెండోసారి బోటుతో పాటు నేనూ వెళ్లాను. ఈ సమస్యలో జెట్టీ దగ్గర కూర్చుని తేల్చగలిగేది చాలా తక్కువ.

ముందు జెట్టీకి కట్టి ఉన్నప్పుడే గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజిను బాగా రేజ్ చేయించాను. అడుగు గీత కదల్లేదు. కరెంటు రొద అనుమానం అక్కడితో తీరిపోయింది. మొదటి రోజే ఐదు నిమిషాల్లో చేయాల్సిన పని అది.

తర్వాత తాళ్లు విప్పి కాస్త వెనక్కి నడపమన్నాను. రివర్స్ వేయగానే ఫ్యాను (ప్రొపెల్లర్) తోసే నీరు ముందుకు, బోటు కిందికి వస్తుంది, నురగతో సహా. అడుగు వెంటనే మాయమైంది. డ్రైవర్ చెప్పిన ఎర్ర పట్టీయే ఇక్కడా కనిపించింది. గేరు తీసి బోటును కదలకుండా ఉంచి గడియారం చూశాను. 50 కిలోహెర్ట్జ్‌లో అడుగు ముందు తేరుకుంది, 200లో అది కనిపించేసరికి ఇంకొంత సేపు పట్టింది. ఈ తేడాను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత ఈ కేసంతా దాని మీదే నిలబడింది.

మూడో పరీక్ష డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి బయటికి వెళ్లాక, దాదాపు ముప్పై మీటర్ల లోతులో చేశాం. మూడు నాట్ల (గంటకు దాదాపు ఐదున్నర కిలోమీటర్ల) వేగం దగ్గర రెండు ఫ్రీక్వెన్సీలూ శుభ్రంగా ఉన్నాయి. నాలుగు దాటాక 200లో గీత తెగడం మొదలైంది. ఐదున్నర దగ్గర 200 పూర్తిగా పోయింది, 50 మసకగా మిగిలింది. ఆరున్నరకు రెండూ లేవు. అప్పుడు డ్రైవర్‌ను గేరు న్యూట్రల్‌కు తెచ్చి, ఇంజినును ఐడిల్‌లో వదిలేయమన్నాను. ఫ్యాను ఆగింది, ఇంజిను చప్పుడు తగ్గింది, బోటు మాత్రం ఊపు మీద ముందుకు జారుతోంది. అడుగు రాలేదు. వేగం నాలుగు నాట్లకు పడిపోయినప్పుడు 50లో, ఇంకా తగ్గాక 200లో గీత తిరిగి వచ్చింది.

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే. ఇంజినుదో ఫ్యానుదో తప్పయితే వాటిని ఆపగానే అడుగు కనపడాలి. కనపడలేదంటే తప్పు బోటు ఒంటి మీదుగా పారే నీటిలో ఉంది. ఈ పరీక్షకు మీటరు అక్కర్లేదు, ఖర్చు లేదు. సౌండర్ ఫిర్యాదు వస్తే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇది చేయండి.

గాలి ఇంత తక్కువైనా ఇంత దెబ్బ ఎలా?

తిరిగి వస్తుంటే ఓనరు అడిగాడు: "మాస్టారూ, సముద్రంలో నురగ ఎప్పుడూ ఉండేదే కదా? నాలుగు బుడగలకే మిషను గుడ్డిదైపోతుందా?"

న్యాయమైన ప్రశ్న. నాకూ ఒకప్పుడు ఇదే సందేహం. నేవీలో సోనార్ మీద పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నాకు దీన్ని సోడా గ్లాసుతో విప్పి చెప్పారు. బీచ్ రోడ్డులో ఉప్పు వేసిన నిమ్మ సోడా తాగుతూ, చెంచాతో గాజు గ్లాసు అడుగున కొట్టి వినమన్నారు. ఉప్పు పడగానే బుడగలు పొంగి, టింగుమనే గ్లాసు మొద్దుగా, లోగొంతుతో పలికింది. బుడగలు తగ్గే కొద్దీ ఆ స్థాయి మెట్లు ఎక్కినట్టు పైకి పోయింది. వేడినీళ్లలో ఇన్‌స్టంట్ కాఫీ పొడి కలిపినా ఇదే జరుగుతుంది. ఫ్రాంక్ క్రాఫర్డ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త 1982లో దీని మీద ఒక వ్యాసమే రాశారు. ఇంట్లో చేసి చూడండి, చెవితో విన్నాక లెక్క సులువుగా ఎక్కుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. శబ్దం ఎంత వేగంగా పోతుందనేది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: పదార్థం ఎంత బరువు, ఎంత తేలిగ్గా నొక్కుకుపోతుంది. నీరు బరువైనదే కానీ దాన్ని నొక్కడం చాలా కష్టం, అందుకే మన వెచ్చటి సముద్రపు నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1540 మీటర్లు పోతుంది. గాలి తేలిక, ఇట్టే నొక్కుకుపోతుంది, అందులో వేగం సుమారు 340. నీటిలో కొంచెం గాలి కలిస్తే వచ్చే మిశ్రమానికి బరువు నీటిదే, మెత్తదనం మాత్రం గాలిది. రెండు వైపులా నష్టమే. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులో వంద మిల్లీలీటర్ల గాలి, అంటే అరగ్లాసు గాలి, సన్నటి బుడగలుగా పరుచుకుంటే వేగం 930 మీటర్ల దగ్గరకు పడిపోతుంది. ఒక లీటరు గాలి ఉంటే సుమారు 360. పది లీటర్లుంటే సుమారు 120. నూటికి ఒక్క వంతు గాలి ఉన్న నీటిలో శబ్దం నీటిలో కన్నా నెమ్మది, ఒట్టి గాలిలో కన్నా కూడా నెమ్మది. ఈ సూత్రాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్త ఎ.బి. వుడ్ 1930లో తన శబ్దశాస్త్ర గ్రంథంలో ఇచ్చారు, ఇప్పటికీ దాన్ని వుడ్ సమీకరణం అనే పిలుస్తారు.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు, నేనూ తప్పాను. వేగం తగ్గుతోంది కాబట్టి లోతు తప్పు చూపిస్తోంది, అందుకే అడుగు స్క్రీన్ దాటి పోయింది అని ఒక మిత్రుడు వాదించాడు. అది కుదరదు. ఈ వేగం తగ్గే లెక్క బుడగ సహజ ఫ్రీక్వెన్సీ (బుడగ తనంతట తాను మోగే స్థాయి) కన్నా బాగా కింద ఉన్న శబ్దాలకే వర్తిస్తుంది. సోడా గ్లాసు చప్పుడు అలాంటిది, సౌండర్ పంపేది కాదు. పోనీ వర్తించిందనే అనుకుందాం. బోటు కింద పది సెంటీమీటర్ల మందాన నురగ పొర ఉండి, అందులో వేగం సగానికి పడిపోయిందంటే, లోతులో వచ్చే తేడా ఆ పది సెంటీమీటర్లే. సెట్‌లో వేగం 1500 అని పెట్టి ఉంటే మన 1540 నీటిలో, ముప్పై మీటర్ల లోతును అది ఎనభై సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. అంత తేడా ఉన్నా ఎవరికీ అడుగు మాయం కాదు. కాబట్టి వేగం ఈ కేసులో దోషి కాదు.

దోషి బుడగ మోగడం. ప్రతి బుడగా ఒక చిన్న గంట లాంటిది. లోపలి గాలి స్ప్రింగు, చుట్టూ ఉన్న నీరు బరువు. ఆ బరువు ఆ స్ప్రింగు మీద ఊగుతుంది. తొట్టిలో నీటిబొట్టు పడినప్పుడు వినిపించే టుప్పుమనే చప్పుడు చాలావరకు కింద చిక్కుకున్న చిన్న బుడగ మోతే. ఎంత సైజు బుడగ ఏ స్థాయిలో మోగుతుందో 1933లో మార్సెల్ మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త లెక్కకట్టారు. నీటి పైభాగానికి దగ్గరలో, బుడగ వ్యాసార్థాన్ని మీటర్లలో తీసుకుని దాని మోత ఫ్రీక్వెన్సీతో గుణిస్తే దాదాపు 3.26 వస్తుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్థమున్న బుడగ 3 కిలోహెర్ట్జ్ పైన మోగుతుంది, అది మన చెవికి వినబడుతుంది. 50 కిలోహెర్ట్జ్‌కు మోగేది 65 మైక్రాన్లది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 200 కిలోహెర్ట్జ్‌కు మోగేది 16 మైక్రాన్లది, కంటికి ఆనదు. లోతుకు పోయే కొద్దీ పీడనం వల్ల ఈ అంకెలు మారతాయి కానీ బోటు కింద మీటరు, రెండు మీటర్ల దగ్గర ఆ మార్పు కొద్దిపాటిదే.

తనకు సరిపోయే శబ్దం తగిలితే బుడగ ఊగిపోతుంది. ఆ అల పొడవు బుడగ అడ్డుకొలత కన్నా రెండు వందల రెట్లకు పైగా ఉన్నా సరే, తన ఒంటి సైజుకు ఎన్నో వందల రెట్లు ఎక్కువ విస్తీర్ణంలో శబ్దాన్ని లాక్కుంటుంది. కొంత వేడిగా మార్చేస్తుంది, కొంత నలుదిక్కులా చిమ్మేస్తుంది. వెనక్కి చిమ్మినదే స్క్రీన్ మీద ఎర్ర పట్టీ, కిందికి చేరనిదే దాని కింద ఖాళీ.

200 ముందు పోయి, ఆలస్యంగా ఎందుకు తిరిగి వచ్చిందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. తనకు మోగే సైజు కన్నా బాగా చిన్న బుడగను శబ్దం దాదాపు పట్టించుకోదు. పెద్దదైతే అది మోగకపోయినా అడ్డమే. 50కి 65 మైక్రాన్ల దగ్గరవీ, అంతకు మించినవీ మాత్రమే అడ్డు. 200కు 16 మైక్రాన్లు మొదలుకొని అన్నీ అడ్డే. పైగా పెద్ద బుడగ త్వరగా తేలిపోతుంది, చిన్నది నీళ్లలోనే వేలాడుతుంది. 65 మైక్రాన్లది సెకనుకు దాదాపు 9 మిల్లీమీటర్లు ఎక్కుతుంది, మీటరు ఎక్కడానికి రెండు నిమిషాల లోపే. 16 మైక్రాన్లది అరమిల్లీమీటరు చొప్పున ఎక్కుతుంది, అది కరిగిపోకుండా మిగిలితే అదే మీటరుకు అరగంట. రివర్స్ పరీక్షలో గడియారం పట్టుకుని రాసుకున్న తేడా ఇదే. రెండు ఫ్రీక్వెన్సీలూ ఒకే క్షణంలో పోయి ఒకే క్షణంలో వచ్చి ఉంటే నేను మళ్లీ కేబుల్ వైపే చూసేవాణ్ణి.

గాలి ఎక్కడి నుంచి వస్తోంది?

నిషేధానికి ముందు ఇదే బోటు, ఇదే చోట పాత ట్రాన్స్‌డ్యూసర్, ఏ ఫిర్యాదూ లేదు. కాబట్టి ఒడ్డు మీద ఏదో మారింది. ఓనరును అడిగితే ఇంజిను గురించి, వించ్ గురించి చెప్పాడు. అడుగు భాగం గురించి చెప్పాలని ఆయనకు తట్టలేదు. ఆయన తమ్ముడు మాటల మధ్యలో "ముందు వైపు పలకలు బాగా అరిగిపోతే మందంగా ఫైబర్ ఏయించాం కదన్నయ్యా" అన్నాడు.

నీళ్లలో ఉన్న బోటు అడుగు చూడడానికి ఓనరు కొడుకు వీడియోలు తీసుకునే చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరాను వెదురు గడకు కట్టి, బోటు పక్క నుంచి దించాం. హార్బర్ నీరు మసక, ఏమీ కనపడలేదు. బయట నీలి నీటిలో నాలుగు నాట్ల మీద ప్రయత్నిస్తే రెండోసారికి దొరికింది. కొత్త ఫైబర్ పొర వెనక అంచు వాలుగా కలిసిపోలేదు, వేలెడు మందాన మెట్టులా తెగిపోయి ఉంది. ముక్కు కెరటాన్ని కొట్టినప్పుడు కిందికి పోయిన గాలి, బోటు అడుగునే పాకుతూ ఆ మెట్టు వెనక సుడిలో చిక్కుకుంటోంది. అక్కడ చిన్నచిన్న బుడగలుగా నలిగి తెల్లటి తోకలా వెనక్కి సాగుతోంది. ఆ తోక దారిలో, మెట్టుకు రెండడుగుల వెనక, ట్రాన్స్‌డ్యూసర్.

వీడియోలో కనిపించిన తెల్లటి గీత కన్నా దాని చుట్టూ ఉన్న పలచటి పాల మసక నన్ను ఎక్కువ ఆకర్షించింది. విడిగా కంటికి ఆనని ఆ సన్న బుడగలే 200ను మింగుతున్నాయి.

బోటును వెంటనే ఒడ్డుకు ఎక్కించడం ఎవరికీ ఇష్టం లేదు. సీజన్ మొదట్లో ఒక్కో ట్రిప్పు ఎంత ముఖ్యమో తెలుసు కాబట్టి నేనూ ఒత్తిడి చేయలేదు. అయితే ఓనరుకు నమ్మకం కుదరాలి కదా. పాత ట్రాన్స్‌డ్యూసర్‌ను ఇనుప పైపుకు బిగించి, బోటు పక్కన మీటరున్నర లోతుకు దించి, పాత డిస్‌ప్లేకే కలిపాం. ఐదున్నర నాట్ల మీద కొత్త సెట్ 200లో ఖాళీగా ఉంటే పాత సెట్ ముప్పై మీటర్ల అడుగును గట్టి గీతగా చూపించింది. ఓనరు చాలాసేపు ఆ రెండు స్క్రీన్లనూ మార్చి మార్చి చూశాడు. ఆరు దాటాక పైపు కూడా పనికిరాలేదు, పైపు వెనకాలే నీరు చీలి గాలి కిందికి దిగుతుంది. అందుకే పైపును శాశ్వత పరిష్కారంగా నేను ఎవరికీ చెప్పను.

ఒక ట్రిప్పు అలాగే, అడుగు చూడాల్సినప్పుడు వేగం తగ్గించుకుంటూ చేసి వచ్చారు. తర్వాత బోటును ఎక్కించారు.

చేసిన పని

మెట్టు అంచును గ్రైండర్‌తో కోసి, ఎపాక్సీ పుట్టీతో వెనక్కి చాలా పొడుగ్గా వాలు తెచ్చాం. ఫైబర్ మేస్త్రీ ఒక జానెడు వాలు చాలన్నాడు. నేను మూరెడు కావాలని పట్టుబట్టాను, ఆయన విసుక్కోకుండా చేశాడు. మేస్త్రీ పనిలో తప్పేమీ లేదు. పలకను కాపాడమన్నారు, కాపాడాడు. దాని వెనక ఒక చెవి ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మెట్టు తీసేసినంత మాత్రాన ఆగలేదు. బోటు ఒంటిని అంటుకుని పారే నీటి పొరలో ఎప్పుడూ కొంత గాలి ఉంటుంది, ట్రాన్స్‌డ్యూసర్ ముఖం ఆ పొర కిందికి దిగితేనే నిశ్చింత. పది సెంటీమీటర్లు కిందికి దిగేలా గట్టి చెక్క దిమ్మ చేయించి, ముందు వైపు గుండ్రంగా, వెనక వైపు సన్నగా, చేప ఒంటిలా చెక్కించాం. దాన్ని బోటు అడుగున పొడుగునా సాగే కీల్ దూలానికి పక్కగా, ముక్కు నుంచి బోటు పొడవులో మూడో వంతు దాటిన చోట బిగించాం. అంతకన్నా ముందుంటే ముక్కు ఎగిరినప్పుడు గాలి తగులుతుంది. బాగా వెనక ఉంటే ఫ్యాను ఉంది. ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి మామూలు అడుగు పెయింటు వేయకుండా కాగితం అంటించి కాపాడాను. కొన్ని రంగుల్లో ఎండేటప్పుడు సన్నటి గాలి చిక్కుకుంటుంది, అదీ ఒక బుడగల పొరే. నీళ్లలోకి దించే ముందు ముఖాన్ని సబ్బునీళ్లతో కడిగించాను. జిడ్డు ఉంటే ముఖం సరిగా తడవదు, బుడగలు పట్టుకు వేలాడతాయి.

మళ్లీ అవే మూడు పరీక్షలు చేశాం. ఆరున్నర నాట్ల మీద రెండు ఫ్రీక్వెన్సీలూ నిలబడ్డాయి. ఏడు దగ్గర 200లో అక్కడక్కడా తెగింది, 50 తెగలేదు. రివర్స్‌లో మాత్రం ఎప్పటిలాగే పోతుంది, దానికి నా దగ్గర మందు లేదు. ఓనరు కొన్న కొత్త ట్రాన్స్‌డ్యూసర్‌నే దిమ్మలో పెట్టాం. పాతది ఇప్పటికీ బాగానే ఉంది, దాన్ని స్పేర్‌గా క్యాబిన్‌లో ఉంచమన్నాను.

ఈ గుణాన్నే మంచికి వాడుకునేవాళ్లూ ఉన్నారని ఆ నేవీ పెద్దాయన చెప్పారు. సముద్రంలో పెద్ద పైళ్లు (పునాది స్తంభాలు) దిగ్గొట్టేటప్పుడు ఆ దెబ్బల శబ్దం చేపలనూ తిమింగలాలనూ గాయపరచకుండా, చుట్టూ చిల్లుల గొట్టాలు పరిచి గాలి వదిలి బుడగల తెర కడతారు. అక్కడ బుడగలు శబ్దాన్ని ఆపాలనే కోరుకుంటారు.

రెండు వారాల తర్వాత నైరుతి గాలి గట్టిగా ఉన్న రోజు డ్రైవర్ ఫోన్ చేశాడు. ఎదురు కెరటం మీద ముక్కు దబ్బున పడ్డప్పుడల్లా గీత ఒక్క క్షణం తెగి మళ్లీ వస్తోందట. ముక్కు దిగిన లెక్కకు సరిగ్గా కలుస్తోందా అని అడిగాను. ఆయన ఫోన్ పట్టుకునే లెక్కపెట్టాడు. "పడతంది... పోనాది... వొచ్చింది. మళ్లీ పడతంది... పోనాది... వొచ్చింది. అవును బాబూ, కలుస్తంది."

ఆ రోజు గెయిన్ ముట్టుకోవద్దని, కెరటాన్ని కొంచెం పక్కవాటుగా తీసుకొమ్మని చెప్పాను. పదిహేను నిమిషాల తర్వాత స్క్రీన్ ఫోటో పంపాడు. అడుగు గీత ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది, మధ్యలో తెగిన చోట్లు రెండే రెండు.